కాషన్ ఆర్డర్

ఎంజీఎంల ఈసీజీ తీసిన పిల్ల
కాగితం చింపి చేతిల పెట్టింది.
గీతలన్నీ సాపుగనే ఉన్నయట.
డాక్టర్ తలెత్తకుంటనే అన్నడు:
"ఏం లేదమ్మా, ఊకె భయపడుతున్నవ్."

ఊకె.
ఆ ఒక్క మాటను సోమిడి దాక ఆటోల మోసుకొచ్చిన.
ఏమన్న ఉంటే పేరుండేది,
పేరుంటే గోలీ ఉండేది.
ఊకె వచ్చేదాన్ని
ఏ గేటు కాడ ఆపాలె?

రాత్రి రెండున్నరకు లేస్తది అది, నాకంటె ముందుగాల.
గ్యాస్ బంద్ చేసిననా,
పిలగానికి జ్వరం తిరగబెడితే ఎట్ల,
రేపు ఏదన్న సిగ్నల్ నా కన్ను తప్పితే?
అరచేతులు తడి. గొంతుల రేగ్గింజ.
ఒకనాడు పాలు ఒలకబోసిండని
వాన్ని ఎంత మాటన్ననో,
ఖాళీ గిలాస పట్టుకొనే నిద్రపోయిండు.
అది యాదికొస్తే ఇంకో గంట పోతది.

కాజీపేటల ఇంజనెక్కితే
ఎడమ సీటు ఓదేలు సార్‌ది, కుడి సీటు నాది.
ఎనుక యాభై తొమ్మిది ఖాళీ డబ్బాలు,
బొగ్గు కోసం రామగుండం దిక్కు.
సిగ్నల్ కనవడంగనె చెయ్యి చాపి గట్టిగ చెప్పాలె.
నేను చెప్పాలె, ఆయన మళ్ల చెప్పాలె. అది రూలు.
హసన్‌పర్తి దాటినంక ఆనాడు
పసుపు రెండు వెలిగినయ్.
(రెండంటే ఒకటికంటె నయం,
బయటోళ్లకు తెల్వదు.)
చూసిన. నోరు రాలే.
"చూసినవా?"
"చూసిన సార్."
"చూసుడు గాదు బిడ్డా, పలుకు.
పలకనిది బండెక్కి కూసుంటది."

నీతులు చెప్పే మనిషి గాదాయన.
టిఫిన్ల పచ్చిపులుసు ఒలికితే
ఇంజన్ను తిట్టే మనిషి.
కానీ ఉప్పల్ దాటినంక ఒక వంపు కాడ,
బోర్డు లేని చోట,
హారన్ కొడతడు, పొడుగ్గ.
కొట్టి, కుడిచెయ్యి ప్యాంటుకు తుడుసుకుంటడు.
ఏడాది చూసి చూసి అడిగిన.

జమ్మికుంట దాక మాట్లాడలే.
లూప్ లైన్ల పెట్టిండ్రు మమ్ముల, ముంగట ఎర్రలైటు.
పక్కపొంటి ఎక్స్‌ప్రెస్ దుమ్ములేపుకుంట పోయింది.
అప్పుడు కాషన్ ఆర్డర్ మడత ఇప్పిండు:
ఏ కిలోమీటర్ నుంచి ఏ కిలోమీటర్ దాక,
ఎంత స్పీడు, ఏం కారణం.
"ఇందుల రాయంది నాకొకటున్నది," అన్నడు.
"ఆ వంపు. ఒక మనిషి. పందొమ్మిదేండ్లాయె.
బండి అరవైల పోతది,
నేను మాత్రం ముప్పైలనె దాటుత.
ఎత్తేస్తరని శాన ఏండ్లు చూసిన.
ఎత్తెయ్యలే.
అయితేంది, బండి ఆగిందా?"

ఆకుపచ్చ పడ్డది.
"క్లియర్" అన్న.
"క్లియర్" అన్నడు.

ఆ రాత్రి అది లేవంగనె
నేనూ లేచి వంటింట్ల నిలవడ్డ.
చీకట్ల చెయ్యి చాపిన. సిగ్గయింది.
అయినా పలికిన:
చేతులు తడి.
గొంతు పట్టింది.
పాలగిలాస కండ్లల్ల తిరుగుతున్నది.
పసుపు ఒకటి.

ఏం మారలే.
గుండె దాని పని అది చేస్తనే ఉన్నది.
కాకపోతే పొయ్యి పొయ్యిలెక్కనె కనవడ్డది,
ఫ్రిజ్ గురుగురుమన్నది,
దర్గా దిక్కు ఏదో గూడ్సు కూతేసింది.
ముప్పై స్పీడు మీద
తెల్లారేదాక తోలుకపోయిన ఆ రాత్రిని.

ఇప్పటికీ వస్తది.
నిన్న వచ్చింది, మంగళారం వచ్చింది.
కొన్నిసార్లు పలుకుడే మరిచిపోయి
గోడకు ఒరిగి కూసుంట,
చెమటంత ఆరినంక యాదికొస్తది
నాకు నోరున్నదని.

మొన్న మాత్రం
"పసుపు రెండు" అని నేననంగనె
దుప్పట్లకెల్లి, నిద్రమత్తుల,
పిలగాడు మళ్ల చెప్పిండు:
"పసుపు రెండు."
ఎన్ని రాత్రుల సంది వింటున్నడో.

పొద్దుగాల గిలాస ముంగట పెట్టి
ఆనాటి మాటకు తప్పయింది బిడ్డా అన్న.
వాడు గిలాసనే చూసిండు.
"సగమే పొయ్యి అమ్మా," అన్నడు,
"ఒలకది."